మంచు చక్రం గారూ, మైకు దగ్గరికి రండి

మా అత్తయ్య చంద్రుణ్ణి ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ఆవిడకు చంద్రుడి మీద కోపమేమీ లేదు. మావయ్య పేరు కూడా అదే కావడం వల్ల వచ్చిన తంటా ఇది.

మొగుడి పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళమ్మ రేపల్లెలో అప్పగింతలప్పుడు చెవిలో చెప్పి పంపిందట. సరే, మొగుడి పేరొక్కటే అయితే తెలుగులో చంద్రుడికి పేర్లు కరువా? మరొకటి వాడుకోవచ్చు. కానీ మావయ్య వాళ్ళ నాన్నగారు నలుగురు కొడుకులకూ చంద్రుడి పేర్లే పెట్టారు. బావగార్ల పేర్లూ అనకూడదాయె. నిఘంటువులో చంద్రుడికున్న మంచి పేర్లన్నీ ఆ ఒక్క ఇంట్లోనే ఖర్చయిపోయాయి. మిగిలిన ఒకటి రెండిటినీ మావయ్య వాళ్ళమ్మ ఆయన్ను ముద్దుగా పిలవడానికి వాడేసిందట. ఇక కొత్త కోడలికి మిగిలింది చూపుడువేలు.

అందుకని అత్తయ్య చంద్రుణ్ణి "అదుగో" అనేవారు. పిల్లలకు అన్నం పెడుతూ పైకి చూపించి "అదుగో చూడు, అదుగో నవ్వుతోంది" అనేవారు. మా ఆయన ఒకటో తరగతిలో ఉన్నప్పుడు, రాత్రిపూట ఆకాశంలో వెలుగిచ్చేది ఏదని టీచరు అడిగితే లేచి నిలబడి ధైర్యంగా "అదుగో" అన్నాడట. టీచరు పైకప్పు వైపు చూసిందట. చంద్రకాంత పూలు మా ఇంట్లో సాయంత్రం పూలు. చంద్రహారం గుండ్రం హారం. మన రాకెట్టు చంద్రుడి మీద దిగిన రోజు వీధంతా టీవీల ముందు చప్పట్లు కొడుతుంటే, పక్కింటావిడ కావాలనే "ఎక్కడ దిగిందండి పిన్నిగారూ?" అని అడిగింది. అత్తయ్య తడుముకోలేదు. "దిగాల్సిన చోటే దిగిందమ్మా," అన్నారు.

నేను తెనాలిలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్తాను. ఇలాంటివి చూస్తే నాకు చిరాకు. పేరు పిలిస్తే ఆయుష్షు తగ్గేట్టయితే రోజూ హాజరు వేసే మా పిల్లలందరూ ఇంటర్ దాటకూడదు కదా అని ఒకసారి వాదించాను. "వాళ్ళు నీ మొగుళ్ళు కాదు కదే," అన్నారు అత్తయ్య.

మావయ్యకు మాత్రం జీవితంలో ఒకటే కొరత. పెళ్ళయి తెనాలి వచ్చిన రోజు ఆడపడుచులిద్దరూ గుమ్మానికి చేతులడ్డం పెట్టి, అన్నయ్య పేరు చెబితే గానీ లోపలికి రానివ్వమన్నారు. అందరి ఇళ్ళలోనూ ఉండే వేడుకే అది. మావయ్య తన వంతు టక్కున చెప్పేశారు. అత్తయ్య పెదాలు కదిపారు. అంతే. చెప్పానని ఆవిడ, చెప్పలేదని ఆయన. యాభై రెండేళ్ళుగా ఆ కేసు నడుస్తూనే ఉంది. ప్రతి పెళ్ళిరోజుకూ మావయ్య కొత్త చొక్కా వేసుకుని వచ్చి, "ఇవాళన్నా ఒక్కసారి అనవే, విని పోతాను," అంటారు. "నా పసుపు కుంకాల మీద మీకంత విసుగొచ్చిందా?" అని అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్ళిపోతారు. ఈమధ్య మావయ్యకు చెవులు మందగించాయి. కుడిచెవికి మిషను పెట్టించాం. అది పెట్టించుకున్న రోజు ఇంటికి రాగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఇప్పుడు అను."

ఈ సంసారంలోకి చైనావాళ్ళను తెచ్చి పెట్టింది నేనే.

కాలేజీలో చంద్రుడి మీద మాట్లాడమంటే ఫోనులో వెతుకుతున్నాను. పాతకాలపు చైనా కవులు చంద్రుణ్ణి పేరు పెట్టకుండానే ఎన్నో రకాలుగా పిలిచారట. మంచు చక్రం అంటారట. తెల్లటి జేడు రాతి పళ్ళెం అంటారట. నెలవంకైతే వెండి కొక్కెం. ఎగిరే అద్దం. పెద్ద చలిమేడ. కప్పల కోట. నాకు అత్తయ్య గుర్తొచ్చారు. ఇంటికెళ్ళి, చెప్పులు కూడా విప్పకుండా, "అత్తయ్యా, మీ కష్టాలు తీరిపోయాయి," అన్నాను.

చిక్కుడుకాయలు తుంచుతూ విన్నారు. కప్ప ఎందుకొచ్చిందని అడిగారు. చెప్పాను: ఒక విలుకాడికి చావు లేకుండా చేసే మందు దొరికితే, అతని పెళ్ళాం అది తాగేసి చంద్రుడిలోకి ఎగిరిపోయిందట, అక్కడ కప్పయిపోయిందని కొందరంటారట.

"మొగుడికి చుక్క కూడా ఉంచలేదా?"

"ఉంచలేదట."

"అయితే కప్పవడం న్యాయమే," అన్నారు.

ఆ పైన ఒక కుందేలుంటుందనీ, రోట్లో మందు నూరుతూ ఉంటుందనీ చెప్పాను. "మనకీ ఉందిగా కుందేలు. ఊరికే కూర్చుంటుంది. వాళ్ళది పని చేస్తుందన్నమాట," అని మెచ్చుకున్నారు. ఒకాయన ఎప్పుడూ ఒక చెట్టు నరుకుతూ ఉంటాడనీ, నరికిన చోటల్లా మళ్ళీ పూడిపోతుందనీ చెప్తే, మావయ్య పేపరు దించి, "మన వీధి కాలవ కాంట్రాక్టరు లాగుంది," అన్నారు.

అత్తయ్యకు ఆ పేర్లు తెగ నచ్చాయి. ఎవరి పేరూ కాదు, ఎవరి ఆయుష్షూ తగ్గదు. నెల తిరిగేసరికి విదియ నాడు వెండి కొక్కెం, పున్నమికి మంచు చక్రం అంటూ తడుముకోకుండా అనేస్తున్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. పైనున్నాయనకు పనికొచ్చిన పేర్లు ఇంట్లో ఉన్నాయనకు మాత్రం ఎందుకు పనికిరావని ఆవిడకు తోచింది. మావయ్య తల నున్నగా ఉంటుంది కాబట్టి ఎగిరే అద్దం ఆయనకు బాగా అతికింది. కాఫీ అందిస్తూ మంచు చక్రం గారూ అనేవారు. భోజనానికి పిలుస్తూ రాతిపళ్ళెం అనేవారు. ఫ్యాను కట్టలేదని కోపమొచ్చిన రోజున చలిమేడ. మావయ్య పలికేవారు. "పేరుతో కాకపోయినా ఏదో ఒక దానితో పిలుస్తోంది కదమ్మా," అని నాతో అన్నారొకసారి. నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు.

అలా ఉండగా కార్తీక పౌర్ణమి వచ్చింది. ఏటా పెనుమూడి రేవులో కృష్ణ స్నానం చేసొచ్చే అత్తయ్య ఈసారి బాపట్ల వెళ్ళి సముద్ర స్నానం చేస్తానన్నారు. మా ఆయనకు సెలవు దొరకలేదు. నేనే ఇద్దర్నీ తీసుకుని చీకటుండగానే బస్సెక్కాను. పొన్నూరులో బస్సు ఆగినప్పుడు ఇడ్లీలు కట్టించాం. అక్కడే మావయ్య షుగరు మాత్ర వేసేసుకున్నారు. ఇడ్లీ మాత్రం స్నానమయ్యాకే తింటానన్నారు. నేను వద్దని గట్టిగా అనాల్సింది, అనలేదు.

బాపట్ల దగ్గరి సూర్యలంక ఒడ్డున ఇసుక కనపడితే ఒట్టు. అన్నీ తలలే. మావయ్య చెవి మిషను, ఫోను, ఇద్దరి కళ్ళజోళ్ళు, ఇడ్లీ పొట్లం నీళ్ళు దూరని ప్లాస్టిక్ సంచీలో వేసి, మూతి బిగించి నా భుజానికి తగిలించారు. ముగ్గురం చేతులు పట్టుకుని మూడు మునకలు వేద్దామనుకున్నాం. రెండో మునకకు పెద్ద అల వచ్చింది. నేను లేచి కళ్ళలో ఉప్పునీళ్ళు తుడుచుకునేసరికి నా ఎడమ చేతిలో అత్తయ్య ఉన్నారు. కుడిచేతిలో ఉన్నాయన ఎవరో నాకు తెలియదు. ఆయన కూడా నన్ను చూసి కంగారుపడి చెయ్యి లాక్కున్నారు.

మావయ్య లేరు. నీళ్ళలోకి పోలేదని నాకు తెలుసు, మోకాలి లోతే ఉంది, పైగా పోలీసులు తాళ్ళు కట్టి నిలబడ్డారు. ఒడ్డుకే వెళ్ళుంటారు. కానీ ఒడ్డున ఎక్కడని? తెల్ల పంచె, భుజాన తువ్వాలు, బట్టతల. ఎటు చూసినా అలాంటి పెద్దాయనలే, తడిసి నిలబడి, ఎవరి కోసమో చూస్తూ. ఇదివరకోసారి మాత్ర వేసుకుని తిండి ఆలస్యమైతే చెమటలు పట్టి పడిపోయారాయన. మాత్ర వేసుకుని అప్పటికే గంట దాటింది.

నేను భయంలో చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. "అత్తయ్యా, మీరు ఆ టెంటు దగ్గరికెళ్ళి మైకులో పేరు చెప్పించండి. నేను ఒడ్డంతా వెతుకుతాను," అని సంచీతో సహా పరుగు తీశాను. ఎవరితో ఏం చెబుతున్నానో ఒక్క క్షణం ఆలోచించలేదు.

సరుగుడు తోటల దాకా వచ్చానేమో, లౌడ్ స్పీకరు గరగరమంది.

"తెనాలి నుంచి వచ్చిన... ఏంటమ్మా? మళ్ళీ చెప్పండి... తెనాలి నుంచి వచ్చిన మంచు చక్రం గారూ! మంచు చక్రం గారూ! ఎక్కడున్నా మైకు దగ్గరికి రావాలి. మీ ఆవిడగారు ఎదురుచూస్తున్నారు."

నా పక్కన చీర కొంగు పిండుకుంటున్నావిడ, "ఏ దేశపోళ్ళో పాపం, ఇంత దూరం వచ్చారు స్నానానికి," అంది.

వెనక్కి తిరిగి పరిగెత్తడం మొదలుపెట్టాను. తడి చీరతో, సంచీతో, వేలమంది మధ్యన పరుగంటే ఎంతని పరుగు? అడుగుకొకరు అడ్డం. స్పీకరు ఆగలేదు.

"వినండి. ఆయనకి ఇంకో పేరు కూడా ఉందంట. రాతిపళ్ళెం గారూ! రాతిపళ్ళెం గారూ, వెంటనే రావాలి." కొంచెం ఆగి, "ఎగిరే... ఏంటండి? అద్దమా? అమ్మా, మీరు మనిషినే కదండి పోగొట్టుకుంది?"

ఒడ్డంతా నవ్వు మొదలైంది. మైకాయన స్విచ్ కట్టడం మర్చిపోయినట్టున్నాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నదంతా సముద్రం దాకా వినపడింది.

"పోనీ గుర్తులు చెప్పండమ్మా."

"తెల్ల పంచె, తువ్వాలు, నున్నటి తల."

"నాకిక్కణ్ణుంచి అలాంటోళ్ళు వంద మంది కనపడతన్నారండి. అసలు పేరు చెప్పండి. ఆధార్ కార్డులో ఏముంది?"

"ఉంది."

"అదే చెప్పండి."

"చెప్పకూడదు."

"పోనీ రాసివ్వండి."

"కళ్ళజోడు మా కోడలి సంచీలో ఉంది."

"మీ కోడలెక్కడుంది?"

"ఆయన్ని వెతకడానికెళ్ళింది. దానికి ఇంకా చాలా పేర్లు తెలుసు."

ఇంతసేపూ నవ్విన జనం ఇక్కడ పగలబడ్డారు. నాకు మాత్రం ఏడుపొస్తోంది. ఆ పేర్లు ఆవిడకు నేర్పింది నేనే. మావయ్య ఎక్కడో చెమటలు పట్టి కూలబడి ఉంటే, వేల మందిలో ఒక్కరికీ తెలియని పేర్లతో ఆయన్ని పిలిపిస్తున్నది నా తెలివి. చైనాలో కూడా ఎవరూ అలా మనుషుల్ని వెతికి ఉండరు.

మైకాయన గొంతు మారింది. "అమ్మా, ఆయనకి షుగరన్నారు. మాత్ర వేసుకుని ఏమీ తినలేదన్నారు. ఎక్కడన్నా పడిపోతే? ఈ పేర్లకి ఎవరూ రావట్లేదమ్మా."

"పేరు అంటే ఆయుష్షు తగ్గుద్ది నాయనా," అన్నారు అత్తయ్య. ఈసారి గొంతు చాలా చిన్నగా వచ్చింది.

ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత అత్తయ్య మైకు తీసుకున్నట్టున్నారు. ఇంటిపేరుతో మొదలుపెట్టి, అక్షరం మింగకుండా, చివర గారు చేర్చి, మావయ్య పేరు అన్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి వణుకు తగ్గింది. "ఎక్కడున్నారండీ? ఇడ్లీ చల్లారిపోతోందండీ," అన్నారు. ఆ పేరు ఇక్కడ రాయాలనిపించడం లేదు నాకు. అది ఆవిడ అన్నప్పుడే బాగుంది.

నేను టెంటు చేరిన రెండు నిమిషాలకు, చేపల వేటతో బతికే భార్యాభర్తలు ఇద్దరు మావయ్యను చెరో పక్కా పట్టుకుని నడిపించుకొచ్చారు. వాళ్ళ పడవ నీడన కూలబడి ఉంటే చూసి, చక్కెర ఎక్కువేసిన టీ తాగించి, బన్ను తినిపించారట. ఆయన ముఖంలోకి రంగు వచ్చేసింది. ఆ ఇల్లాలు మాత్రం వస్తూనే అత్తయ్య మీద విరుచుకుపడింది.

"ఈ తాత పేరు మాకు ముందే చెప్పాడమ్మా. ఇక్కణ్ణుంచి కదిలితే మా ఆవిడకి కనపడను, కదలనంటాడు. మేం ఏం చెప్పినా వినపడదు. చెమటలు పట్టినోణ్ణి వదిలి రాలేక, మైకులో ఈయన పేరు వస్తదేమోనని అందాకట్నుంచి చెవులొగ్గి కూచున్నాం. ఎంతసేపూ చక్రమంట, పళ్ళెమంట! ఆ పళ్ళెం ఎవడో తొందరగా దొరికి చస్తే మా తాతని పిలుస్తారు కదా అని మేం తిట్టుకుంటన్నాం!"

అత్తయ్య ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. నేను సంచీలోంచి మిషను తీసి మావయ్య చెవికి పెట్టాను. చుట్టూ మూగినవాళ్ళందరూ ఒకేసారి ఆయనకు చెప్పడం మొదలుపెట్టారు: మీ ఆవిడ మీ పేరు పెట్టి పిలిచింది, మైకులో పిలిచింది, మూడుసార్లు పిలిచింది.

మావయ్య అందరి ముఖాలూ చూశారు. తర్వాత అత్తయ్యను చూశారు.

"నాకు వినపడలేదే," అన్నారు.

యాభై రెండేళ్ళు ఆయన ఎదురుచూసిన మాట బాపట్ల ఒడ్డున ఉన్న జనమంతా విన్నారు, ఆయన తప్ప. మైకాయన కూడా తల దించుకున్నాడు. నాకు దుఃఖం ఆగలేదు.

"మళ్ళీ అను," అన్నారు మావయ్య.

"ముందు ఇడ్లీ తినండి," అన్నారు అత్తయ్య.

తిరుగు బస్సులో అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని, నిమిషానికోసారి మావయ్య మణికట్టు పట్టుకుని చూస్తూనే ఉన్నారు. పేరు అనేశారు కదా, ఆయుష్షు ఏ మేరకు తగ్గిందోనని ఆవిడ దిగులు. మావయ్య మాత్రం వెనక సీట్లో ఉన్న నా వైపు తిరిగి గుసగుసగా అడుగుతున్నారు. "గారు పెట్టిందా?" పెట్టారు మావయ్యా. "ఇంటిపేరు?" దాంతోనే మొదలుపెట్టారు. పొన్నూరు దాటాక మళ్ళీ తిరిగారు. "గొంతు ఎలా ఉంది?" మొదట వణికిందండి, తర్వాత బాగుంది. "ఊఁ," అని ముందుకు తిరిగారు. కాసేపటికి తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నారు. ఉప్పునీళ్ళు పడ్డాయని నాతో అన్నారు. సముద్రం వదిలి వచ్చి గంటయింది.

ఇంటికొచ్చి ఆయన రెండుసార్లు ఉప్మా తిన్నారు, నిద్రపోయారు, లేచి పేపరు చదివి ప్రభుత్వాన్ని తిట్టారు. అత్తయ్య అన్నీ గమనిస్తూనే ఉన్నారు. "అనడం వల్లే కదా అత్తయ్యా ఆయన దొరికింది," అన్నాను వత్తులు చేస్తూ. ఆవిడ ఒకే వత్తిని రెండుసార్లు చేశారు.

సాయంత్రం డాబా మీద దీపాలు వెలిగించాం. చంద్రుణ్ణి చూశాక గానీ ఆవిడ ఉపవాసం విడవరు. తూర్పున కొబ్బరిచెట్ల మీదుగా ఎర్రగా, పెద్దగా వచ్చాడు. అత్తయ్య దణ్ణం పెట్టుకుని, ప్రసాదం గిన్నె పట్టుకుని కిందికి దిగబోతే, మెట్ల గది గుమ్మంలో మావయ్య నిలబడి ఉన్నారు. కొత్త చొక్కా వేసుకున్నారు. చెయ్యి అడ్డంగా చాచి, అటు తలుపు చట్రం పట్టుకున్నారు.

"తప్పుకోండి, నీరసంగా ఉంది," అన్నారు అత్తయ్య.

మావయ్య తప్పుకోలేదు.

"మంచు చక్రం గారూ, ఆకలేస్తోందండీ."

ఆయన పలకలేదు. నన్ను చూశారు అత్తయ్య. నేను చటుక్కున తిరిగి, పిట్టగోడ పట్టుకుని, చంద్రుడిలో కుందేలు ఏ పక్కనుందో చాలా శ్రద్ధగా వెతకడం మొదలుపెట్టాను. కుందేలు దొరికింది. అప్పుడు వెనక అత్తయ్య గొంతు వినపడింది. ఇంటిపేరు లేదు, గారు కూడా లేదు. పేరొక్కటే, మెల్లగా.

నేను తిరిగి చూశాను. మావయ్య చెయ్యి ఇంకా అడ్డంగానే ఉంది.

"ఏంటీ? సరిగ్గా వినపడలేదు. ఇంకొక్కసారి," అన్నారు.

చెవి మిషను బ్రహ్మాండంగా పనిచేస్తోంది. గంట కిందట బ్యాటరీ మార్చింది నేనే.